అల్లింది ఎవరో, పేరు ఎవరిదో!

నమస్తే అండీ. పోయిన వీడియోలో వెర్సాయ్ సింహాలు చూపించాను కదా, క్రోషే లేసు (కొక్కెం సూదితో అల్లే లేసు) తొడిగిన సింహం బొమ్మలు, కామెంట్లలో రెండు పార్టీలు తయారయ్యాయి. ఒక పార్టీ ఏమంటుందంటే, "మా అమ్మమ్మ టీవీ మీద కప్పిన గుడ్డ కూడా ఇదే, దీన్ని ఆర్ట్ అంటారా?" రెండో పార్టీ, "మీకు మోడరన్ ఆర్ట్ తెలీదు, ఊరుకోండి." ఇద్దరూ సింహాన్నే చూస్తున్నారు. పక్కనున్న లేబుల్ ఎవరూ చదవట్లేదు! నా మాట ఒక్కటే. అల్లిన మనిషి పేరు గోడ మీద లేకపోతే నేను దాన్ని ఫైన్ ఆర్ట్ అనను, కాంట్రాక్టు పని అంటాను. తిట్టుకోండి, పర్లేదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం అర నిమిషం. జొవానా వాస్కొన్సెలోస్, పోర్చుగల్ ఆర్టిస్టు. 2012లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనంలో ఆవిడ ప్రదర్శన జరిగింది. అక్కడి సమకాలీన ప్రదర్శనల వరసలో సోలోగా చోటు దొరికిన మొదటి మహిళ ఆవిడే. సింహాలకి క్రోషే లేసు తొడిగి నిలబెట్టారు. రాజుగారి ఇంటికి కాపలా ఉన్న సింహాలకి ఇంట్లో ఆడవాళ్లు అల్లే లేసు! ఐడియా అదిరింది, నేను ఒప్పుకుంటాను.

ఇంకో ముక్క చెప్పి ముందుకెళ్తా. ఆవిడ దగ్గర "ఎ నోయివా" అని పైకప్పు నుంచి వేలాడే దీపాల గుత్తిలాంటి పెద్ద షాండ్లియర్ ఉంది, అంటే పెళ్లికూతురు అని అర్థం. దూరం నుంచి తెల్లగా మెరిసిపోతూ ఉంటుంది. దగ్గరికెళ్తే వేలకొద్దీ ట్యాంపన్లు, అంటే నెలసరిలో ఆడవాళ్లు వాడేవి! 2005లో వెనిస్ బియన్నాలే అనే పెద్ద అంతర్జాతీయ కళా ప్రదర్శనలో పేరు తెచ్చిన పని అది. వెర్సాయ్‌వాళ్లు మాత్రం మా భవనంలో వద్దన్నారు. ఆడవాళ్లు అల్లిన లేసు ముద్దొచ్చింది, ఆడవాళ్లు వాడే వస్తువు దగ్గరికి వచ్చేసరికి పరువు గుర్తొచ్చింది. ఎక్కడైనా ఇదే కథ కదండీ.

సరే, లేబుల్ దగ్గరికి రండి. ఆవిడదే ఇంకో వరస ఉంది. బొర్దాలో పిన్హెయిరో అని 19వ శతాబ్దపు పోర్చుగల్ సెరామిక్ కళాకారుడు చేసిన కప్పలు, కందిరీగలు, ఎద్దు తలలు తీసుకుని వాటికి ఒంటికి అతుక్కున్నట్టు లేసు తొడుగుతారు. లేబుల్ మీద ముందు ఆర్టిస్టు పేరు. తర్వాత పిన్హెయిరో గారి పేరు, ఎప్పుడో చనిపోయినాయన, అయినా ఆయనకి చోటుంది. తర్వాత ఏముంటుందో తెలుసా? "అజోర్స్ క్రోషే లేసు." అజోర్స్ అంటే పోర్చుగల్ దీవులు. దీవుల పేరు ఉంది, అల్లిన మనిషి పేరు లేదు. రంగు, మట్టి, గ్లేజు రాసినట్టు చేతుల్ని తీసుకెళ్లి మెటీరియల్ లిస్టులో రాశారు!

ఇక్కడ నా థియరీ వినండి. నేయడానికి మిషన్ ఉంది, ఎంబ్రాయిడరీకి ఉంది, ఊలు స్వెట్టర్ అల్లడానికీ ఉంది. అసలైన క్రోషేని ఫ్యాక్టరీలో అల్లే మిషన్ మాత్రం లేదు. ఎందుకంటే ఇందులో సూది మీద పని ఒక్క లూప్‌తోనే నడుస్తుంది. ఎడమచేతి వేలికి దారం చుట్టుకుని, కొక్కెంతో లాగి, ఒక లూప్‌లోంచి ఇంకో లూప్ తీసి, తర్వాతి కుట్టు ఎక్కడ గుచ్చాలో ప్రతిసారీ చూసుకోవాలి. ఒకే రంధ్రంలో మూడుసార్లు గుచ్చచ్చు, వెనక్కి తిప్పచ్చు, వరస వదిలేసి దాటచ్చు. ఈ స్వేచ్ఛే మిషన్‌కి అర్థం కాదు. మీరు ఆన్‌లైన్‌లో మూడొందలకి కొన్న క్రోషే టాప్ కూడా, నిజంగా క్రోషేనే అయితే, ఎక్కడో ఒక మనిషి చేత్తో అల్లిందే. అంటే మనిషిని తీసేస్తే మిగిలేది దారపు ఉండ. మరి ఆ మనిషి పేరు లేకుండా లేబుల్ ఎలా పూర్తవుతుంది?

ఈ బాధ నాకెందుకంటే, మన నరసాపురం ఉంది కాబట్టి. గోదావరి డెల్టాకి ఈ అల్లిక మిషనరీలతో వచ్చింది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్టు అక్కడి లేసు పని మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం వేశారు. అప్పటికి అక్కడ లక్ష మందికి పైగా ఆడవాళ్లు అల్లుతున్నారని ఆవిడ లెక్క. అప్పట్లో ఎనిమిది గంటలు అల్లితే రూపాయి కూడా వచ్చేది కాదు. ఎందుకంటే, వాళ్లని ఎవరూ కార్మికులు అనలేదు. "ఇంట్లో ఖాళీగా కూర్చునే ఆడవాళ్లు, టైంపాస్‌కి అల్లుకుంటారు" అన్నారు. ఏజెంట్లూ ఎక్స్‌పోర్టర్లూ అయిన మగవాళ్లు మాత్రం వ్యాపారస్తులు అయ్యారు!

పని పంచిన పద్ధతి చూడండి. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు. ఇంకో ఇంట్లో ఆ పువ్వుల్ని కలుపుతారు, దాన్ని అతుకుపని అంటారు. పువ్వులు అల్లినామెకి అది టేబుల్ క్లాత్ అయిందో, బెడ్‌స్ప్రెడ్ అయిందో కూడా తెలీదు. ఏజెంట్ వచ్చి పట్టుకెళ్తాడు, అంతే. ఇక సంతకం ఎక్కడ పెడుతుంది? మొత్తం పని కళ్లతో చూడనివ్వకుండా చేసి, "వీళ్లకి కళాదృష్టి లేదు, వీళ్లది హస్తకళే" అంటారు. ఒళ్లు మండుతుందా లేదా?

ఇప్పుడు కొంతమంది అంటారు, "పెద్ద శిల్పులందరికీ అసిస్టెంట్లు ఉంటారు బ్రో, ఐడియా ఆర్టిస్టుదే కదా." ఉంటారు, కాదన్నానా? మన సినిమా తీసుకోండి. ఐడియా డైరెక్టర్‌ది. అయినా ఎండ్ టైటిల్స్‌లో లైట్‌మెన్, డ్రైవర్ల పేర్లు కూడా పడతాయి. దాంతో డైరెక్టర్ ఏమైనా తగ్గిపోయాడా? పేరు వేయడానికి ఖర్చేంటి, ఇంకో నాలుగు లైన్లే కదా!

సూది తనే పట్టుకునే ఆర్టిస్టులతో నాకు పేచీ లేదు. ఓలెక్ అని పోలండ్‌లో పుట్టిన అమ్మాయి, 2010 క్రిస్మస్ టైంలో న్యూయార్క్ వాల్‌స్ట్రీట్ దగ్గరున్న పెద్ద కంచు ఎద్దు విగ్రహానికి రాత్రికి రాత్రి గులాబీ రంగు క్రోషే తొడిగేసింది. కొద్ది గంటల్లోనే చింపి పారేశారు, పర్మిషన్ లేదని. ఇందులో కామెడీ ఏంటంటే, ఆ కంచు ఎద్దుని కూడా 1989లో దాని శిల్పి పర్మిషన్ లేకుండానే తెచ్చి దింపాడు. ఎద్దుకి ఒక రూలు, లేసుకి ఇంకో రూలు!

"వందలమంది అల్లితే అందరి పేర్లూ ఎలా రాస్తాం?" అనేవాళ్లకి నా జవాబు వర్థైమ్ అక్కాచెల్లెళ్లు. మార్గరెట్, క్రిస్టీన్. 2005లో క్రోషేతో పగడపు దిబ్బలు అల్లడం మొదలుపెట్టారు. దాని వెనక లెక్కల కథ ఉంది. 1997లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమిన్యా అనే గణిత శాస్త్రవేత్త హైపర్బోలిక్ తలాన్ని, అంటే అంచుకి వెళ్లేకొద్దీ విపరీతంగా పెరిగి ముడతలు పడే ఉపరితలాన్ని, క్రోషేతో చేసి చూపించారు. ప్రతి కొన్ని కుట్లకి ఒకటి అదనంగా వేసుకుంటూ పోతే, అంచులు కుచ్చిళ్లు పడి అచ్చం పగడంలా తిరుగుతాయి. దాన్ని పట్టుకుని అక్కాచెల్లెళ్లు ఊరూరా జనాన్ని పోగేశారు. వేలమంది అల్లారు, 2019లో వెనిస్ బియన్నాలే దాకా వెళ్లింది. ఆ ప్రాజెక్టులో అల్లినవాళ్ల పేర్ల జాబితా కూడా పనిలో భాగమే. వేలమంది పేర్లు రాయడం వాళ్లకి కుదిరినప్పుడు నలుగురి పేర్లు రాయడానికి మీకేం అడ్డం?

నరసాపురం లేసుకి 2024లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు, వచ్చింది. సంతోషమే, స్టేటస్‌లు నేనూ పెట్టాను. కానీ జీఐ అంటే ఊరికి వచ్చిన పేరు, ఆ లేబుల్ మీద అజోర్స్ పేరు ఉన్నట్టే. రేపు ఢిల్లీలో ఏ ఆర్ట్ ఇన్‌స్టలేషన్‌కో (గది నిండా అమర్చే కళాఖండానికో) నరసాపురం లేసు వాడి, "మెటీరియల్: జీఐ క్రోషే" అని రాసి చేతులు దులుపుకుంటారు, చూస్తూ ఉండండి. ప్రతి ముక్కకీ ట్యాగ్ కట్టండి. పువ్వు ఎవరు అల్లారు, అతుకుపని ఎవరు చేశారు, రెండు పేర్లు. ఎక్స్‌పోర్టర్లకి చిరాకు వస్తుంది, పేరు తెలిస్తే కొనేవాళ్లు నేరుగా ఫోన్ చేస్తారని భయం. అందుకే ట్యాగ్ కావాలంటున్నా!

మీ ఆర్టిస్టు ఫ్రెండ్స్‌కి ఈ వీడియో పంపి తిట్టించండి, జవాబు చెప్తా. ఆ ట్యాంపన్ షాండ్లియర్ గొడవ పూర్తిగా నెక్స్ట్ వీడియోలో, ఫ్యామిలీ గ్రూప్‌లో షేర్ చేసే ముందు ఆలోచించుకోండి.