బొడ్డు ఎవరు కోశారు?

అందరికీ నమస్కారం.

మన ఇళ్లలో ఆడపిల్లకు నెలలు నిండుతున్నాయంటే పుట్టింటికి ఎప్పుడు తీసుకురావాలా అని చూస్తాం. కాన్పుకి అమ్మ పక్కన ఉండాలి. ఆ ఒక్క సంగతీ మనసులో పెట్టుకుని వినండి.

కెనడాలో క్యూబెక్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన నునావిక్ ఉంది. అక్కడి ఆదివాసులైన ఇన్యూట్ ప్రజల నేల. తీరం వెంబడి 14 ఊళ్లు, ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదు. ఏడాది పొడవునా విమానమే దిక్కు. బరువైన సామాను సముద్రపు మంచు కరిగాక ఓడలో వస్తుంది.

అక్కడి ఆడవాళ్ల చేతిలో అర్ధచంద్రాకారపు కత్తి ఉంటుంది, పేరు ఉలు. మాంసం కోసేదీ, సీల్ అనే సముద్రజంతువు తోలు గీకేదీ దానితోనే. పూర్వం ఆ తోలు బూట్లను జంతువుల నరంతో కుట్టేవారు. తడి తగిలితే నరం ఉబ్బి, సూది పడ్డ చిల్లును మూసేస్తుంది. ఆ కుట్టు వదులైతే మంచు మీద వేటకు పోయినవాడి పాదం గడ్డకట్టేది. ఇంటిల్లిపాది ప్రాణం ఆ సూది మొన మీద ఉండేదంటే అతిశయోక్తి కాదు. చంటిబిడ్డను మోయడానికి అమౌటి అనే కోటు కుడతారు. వీపు వైపు సంచిలో, తల్లి ఒంటి వెచ్చదనంలో బిడ్డ నిద్రపోతాడు.

ఇక పురుడు. బొడ్డు కోసి, బిడ్డకు తొలి బట్ట తొడిగే మనిషిని సనజి అంటారు. ఆ బంధం పురిటిగదితో తెగిపోదు. పిల్లవాడు పెద్దయి వేటాడిన మొదటి పిట్టనో చేపనో ఆమెకే తెచ్చివ్వాలి. ఆడపిల్లయితే తన తొలి కుట్టుపని ఇస్తుంది. బొడ్డు కోసిన చేయి జీవితాంతం పెద్దదిక్కు అన్నమాట.

తర్వాత గర్భిణులను నెలలు నిండకముందే విమానమెక్కించి కెనడా దక్షిణ ప్రాంతపు ఆసుపత్రులకు పంపడం మొదలైంది. తల్లీబిడ్డల క్షేమం కోసమే అన్నారు. ఆ ఉద్దేశాన్ని నేను శంకించను. కానీ వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతల, తన ఇనుక్టిటూట్ భాష వినపడని ఊళ్లో, వారాల తరబడి ఒంటరిగా ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఊహించండి. ఇంటి దగ్గర మిగతా పిల్లలు. ఇక్కడ బొడ్డు కోసేది పేరు తెలియని చేయి. ఆ బిడ్డ తన మొదటి వేట ఎవరికివ్వాలి?

అక్కడి ఆడవాళ్లు ఈ ప్రశ్నను వదల్లేదు. 1986లో హడ్సన్ అఖాతం ఒడ్డున పువిర్నిటుక్‌లో ప్రసూతి కేంద్రం తెరిపించారు. ఊరి ఆడపిల్లలే అక్కడే శిక్షణ పొంది మంత్రసానులయ్యారు. పెద్దల అనుభవమూ ఆధునిక వైద్యమూ పక్కపక్కనే నడిచాయి. తర్వాత ఇనుక్‌జువాక్‌లోనూ, సల్లుయిట్‌లోనూ అలాంటివే వచ్చాయి. ప్రమాదం ఉందనిపించిన కాన్పులను ఇప్పటికీ దక్షిణాన ఉన్న మాంట్రియల్ నగరానికి పంపుతారు. అది అవసరం కూడా.

అక్కడ మంత్రసాని పని వెనకటి కాలపు అవశేషం కాదు. చదివి, నేర్చి, నిలబెట్టుకున్న వృత్తి. మన పల్లెల్లో మంత్రసానుల తరం వెళ్లిపోతున్నప్పుడు వాళ్లకు తెలిసినదాన్ని కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఎందరు? నేనూ అడగలేదు. ఆ బాధ నాకుంది.

పువిర్నిటుక్‌లో ఇప్పుడు పుట్టే బిడ్డకు పక్కనే అమ్మమ్మ ఉండగలదు, సనజి ఉండగలదు. కొన్నేళ్లకు ఆ బిడ్డ మంచులో ఓ పిట్టను కొట్టి, ఎవరి గుమ్మంలోకి పరుగెత్తాలో తెలిసి పరుగెత్తుతాడు.