గ్రీన్‌లాండ్‌లోనూ ఇల్లు అంటే ఇల్లే: ఒక నామవాచకం, దాని విభక్తులు

[తెర మీద ఒకే మాట: ఇల్లు]

ఇది తెలుగు మాట. గ్రీన్‌లాండ్ మాట కూడా. అక్కడి భాష కలాల్లిసుత్‌లోనూ దీని అర్థం ఇల్లే. చుట్టరికం మాత్రం లేదు, కాకతాళీయంగా కలిసిందంతే. మనది 'ఇల్' అనే ద్రావిడ ధాతువు నుంచి వచ్చింది. వాళ్ళు 1973లో వర్ణక్రమం మార్చుకునేదాకా దీన్ని 'ఇగ్‌డ్లో' అని రాసేవారు. కెనడా ఇనుయిట్‌ల 'ఇగ్లు' దీని తోబుట్టువు.

ఇగ్లూ అనగానే మంచు గూడు కళ్ళకు కడుతుంది. గ్రీన్‌లాండ్‌లో అలా కాదు. చెక్కదైనా కాంక్రీటుదైనా ఇల్లే. మంచు దిమ్మలతో కట్టినదానికి 'ఇల్లు-ఇగక్' అని వేరే మాట ఉంది.

[నోటి బొమ్మ, దగ్గరగా]

పలకడంలో తేడా ఉంది. నాలుక కొసను పై పళ్ళ వెనక ఆనించి, గొంతు మోగనివ్వకుండా, నాలుక పక్కల నుంచి గాలి వదలండి. గొంతు మీద వేలు పెట్టి చూసుకోండి. ఆ 'ల్ల' దగ్గర అదురు తెలిసిందంటే మీరు పలికింది తెలుగు ఇల్లే.

[పట్టిక ఒక్కో వరుసగా]

ఇక విభక్తులు. మనకు ఇల్లు 'ఇంటి' అయితే తప్ప ప్రత్యయం అంటదు. అక్కడ ఈ మాటకు ఔపవిభక్తికం, అంటే ప్రత్యయం ముందు రూపం మారడం, ఆ బెడద లేదు. ప్రత్యయం నేరుగా అతుక్కుంటుంది. ఇల్లుమి అంటే ఇంట్లో. ఇల్లుముత్, ఇంటికి. ఇల్లుమిత్, ఇంటి నుంచి. ఇల్లుక్కుత్, ఇంటి గుండా. ఇల్లుతుత్, ఇల్లులా. బహువచనంలో 'మ' పోయి 'న' వస్తుంది: ఇల్లుని, ఇల్లునుత్, ఇల్లునిత్.

'ఇల్లుమిక్'ని 'ఇంటితో' అని మాత్రమే గుర్తుపెట్టుకుంటే దెబ్బతింటారు. 'ఇల్లుమిక్ పిసివొక్' అంటే ఒక ఇల్లు కొన్నాడు, లేదా కొన్నది. ఏ ఇల్లో తేల్చి చెప్పని కర్మ ఈ రూపంలో వస్తుంది.

'ఇల్లుప్'లోని 'ప్' రెండు పనులు చేస్తుంది. ఒకటి షష్ఠి: ఇల్లుప్ మతు-అ, అంటే ఇంటి తలుపు. రెండోది మనకు కొత్త. సకర్మక క్రియకు కర్త అయిన మాటకూ ఇదే తగులుతుంది. 'అంగుత్' అంటే మగమనిషి. మనిషి ఇంటిని చూశాడనాలంటే 'అంగుతిప్ ఇల్లు తకువా'. చూసినవాడికి గుర్తు పడింది, ఇల్లు మాత్రం ఉన్నదున్నట్టే ఉంది. మనం 'మనిషి' జోలికి పోకుండా 'ఇంటిని' అంటాం కదా, సరిగ్గా దానికి తలకిందులు.

[తెర మీద: ఇల్లు-అ / ఇల్లుని]

ఎవరి ఇల్లో చెప్పే గుర్తు కూడా ఆ మాట చివరే చేరుతుంది. ఇల్లుగ, నా ఇల్లు. ఇల్లుత్, నీ ఇల్లు. ఇల్లు-అ, అతని ఇల్లు. ఇల్లుని, తన ఇల్లు. 'అతని'కీ 'తన'కీ ఉన్న తేడా తెలుగువాళ్ళకు పుట్టుకతో వచ్చిందే. 'ఇల్లుని తకువా' అంటే తన ఇల్లే చూసుకున్నాడు. 'ఇల్లు-అ తకువా' అంటే ఆ ఇల్లు ఇంకొకరిది.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఇల్లుని అంటే 'ఇళ్ళలో' అని కూడా. ఇల్లుత్ అంటే 'ఇళ్ళు' అని కూడా. ఒంటిగా చూస్తే తేలదు, క్రియ దాకా ఆగాలి. 'ఇల్లుత్ అంగివొక్', ఏకవచన క్రియ, కాబట్టి నీ ఇల్లు పెద్దది. 'ఇల్లుత్ అంగిప్పుత్', బహువచనం, కాబట్టి ఇళ్ళు పెద్దవి. ద్విత్వం మీదా చెవి పెట్టండి: 'ఇల్లున్ని' అంటే నా ఇంట్లో. ఒక్క 'న' తగ్గితే అర్థం మారిపోతుంది.

[తెర మీద: ఇల్లొకర్ఫిక్]

ఇళ్ళున్న చోటు, అంటే పట్టణం. మాట నడుమ ఉన్న 'క'ను కొండనాలుక దగ్గర పలకాలి. అంత లోపలి హల్లు ముందున్న 'ఉ'ను కిందికి లాగి 'ఒ' చేస్తుంది. 'మా ఇల్లు' ఇల్లొర్పుత్ కావడానికీ కారణం అదే, ఆ 'ర'ను కూడా అక్కడే పలుకుతారు. 'పట్టణంలో' అనడానికి 'ఇల్లొకర్ఫిక్‌మి' అని అతికించేస్తుంటారు. అలా కుదరదు. 'క్' వెళ్ళి 'మ'లో కలిసి ఇల్లొకర్ఫిమ్మి అవుతుంది. రాజధాని నూక్‌కూ అంతే: నూమ్మి, నూక్‌లో.

[గ్రీన్‌లాండ్ పటం]

దేశం పేరులోనూ ఈ వ్యాకరణమే ఉంది: కలాల్లిత్ నునాత్. 'నున' అంటే నేల. 'కలాల్లిత్' బహువచన షష్ఠి, గ్రీన్‌లాండ్ వాళ్ళ. మనకైతే అక్కడితో సరిపోయేది. వాళ్ళు నేలకూ గుర్తు వేస్తారు: నునాత్, వాళ్ళ నేల.