వింటున్న ముఖాలు

సభకు నమస్కారం.

ఈ హాలు గోడలకు తగిలించిన 42 పటాలలో మూడు పటాల్లో ఫొటోలు లేవు, నోటుపుస్తకంలోంచి తీసిన కాగితాలు మాత్రమే ఉన్నాయి. లోపలికి వస్తూ ఇద్దరు పెద్దలు, బొమ్మలు పెట్టడం మరిచిపోయావా నాయనా అని అడిగారు. మరిచిపోలేదు. ముప్పై ఏళ్లపాటు జాజ్ కచేరీలకు తిరిగి నేను తీసిన ఫొటోల గురించి, వాటి పక్కన రాసుకున్న రాతల గురించి మాట్లాడమని మన తెలుగు సంఘం వారు అడిగినప్పుడు, ఆ మూడు కాగితాల దాకా మిమ్మల్ని తీసుకువెళ్లగలిగితే చాలుననుకున్నాను.

బరంపురంలో పుట్టి, రైల్వేలో గుమాస్తాగా పని చేసినవాడికి ఈ అమెరికా సంగీతం ఎలా పట్టుబడిందని చాలామంది అడుగుతారు. మా చిన మావయ్య పెళ్లి ఊరేగింపుల బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. రాత్రి ఇంటికి వచ్చాక షార్ట్‌వేవ్ రేడియోలో వాయిస్ ఆఫ్ అమెరికా పెట్టి, 1955 నుంచి విల్లిస్ కనోవర్ నడిపిన జాజ్ కార్యక్రమం వినేవారు. ఇంగ్లీషు అంతగా రాని శ్రోతల కోసం కనోవర్ ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా పలికేవాడు. ఆ మాటలు మా మావయ్యకు సగమే అర్థమయ్యేవి, పాట మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. "చూడరా, వీడు వాయిస్తుంటే పక్కవాడు ఊరికే ఉన్నాడనుకుంటున్నావా, వాడూ పనిలోనే ఉన్నాడు" అని ఆయన ఒక రాత్రి అన్న మాట నాకు తర్వాత ఎన్నో ఏళ్లకు కెమెరా పట్టుకున్నప్పుడు పనికి వచ్చింది.

జాజ్ కొత్తవారికి ఒక్క సంగతి చెప్పాలి. మన కచేరీలో కల్పనస్వరాలు పాడినట్టే అక్కడా మనోధర్మమే ప్రధానం. అయితే కల్పనకు ఆధారం రాగం కాదు, వరుసగా మారుతూ పోయే స్వరగుచ్ఛాలు, అంటే ఒకేసారి కలిపి పలికే స్వరాలు. బ్లూస్ అనే మామూలు చట్రంలో నాలుగేసి మాత్రల బార్లు 12 ఉంటాయి, అంటే చుట్టుకు 48 మాత్రలు. నిమిషానికి 120 మాత్రల నడకలో ఒక చుట్టు 24 సెకన్లలో ముగుస్తుంది. ఏ బారులో ఏ గుచ్ఛం వస్తుందో వేదిక మీద అందరికీ తెలుసు కాబట్టి, ఒకరు తమ చుట్లు వాయిస్తున్నంతసేపూ మిగతావారు లోలోపల లెక్క పెడుతూనే వింటారు. కొన్నిసార్లు నాలుగేసి బార్లు పంచుకుని డ్రమ్ములతో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుకుంటారు. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఒకదానికొకటి జవాబు చెప్పుకోవడం విన్నవారికి ఇది వేరే వివరించనక్కరలేదు.

మొదట్లో నేనూ అందరిలాగే వాయించేవాడిని ఫొటో తీశాను. బుగ్గలు పొంగిన ట్రంపెట్ వాద్యకారుడు, చెమటతో మెరిసే నుదురు, పైకెత్తిన శాక్సొఫోన్. అవన్నీ కచేరీ పోస్టర్లకు బాగానే ఉంటాయి గానీ, ఇంటికి వచ్చి చూసుకుంటే ఆ రాత్రి విన్నది వాటిలో ఏదీ కనబడేది కాదు. కలకత్తాలో మూడో ఏడో నాలుగో ఏడో ఒక బొమ్మలో, చట్రం అంచున అనుకోకుండా పడిన పియానో వాద్యకారుడి ముఖం చూశాక నాకు దారి తెలిసింది. అతను వాయించడం లేదు, తోటివాడిని వింటున్నాడు. సంగీతం ఆ ముఖంలో ఉంది. అప్పటినుంచి నేను వాయించేవాడి మీదినుంచి కెమెరాను పక్కకు తిప్పాను.

ఈ పని నాకన్నా ముందు మహానుభావులు చేశారు. విలియం గాట్లీబ్ 1930ల చివర వాషింగ్టన్ పోస్ట్‌లో జాజ్ మీద వారం వారం రాసేవాడు. తన వ్యాసాలకు ఫొటోగ్రాఫరును పంపడానికి పత్రిక డబ్బు ఇవ్వనంటే, తనే స్పీడ్ గ్రాఫిక్ కెమెరా కొనుక్కుని ఫొటోలు తీశాడు. ఫిల్ముకూ ఫ్లాష్ బల్బులకూ జేబులోంచి పోయాలి కాబట్టి కచేరీకి కొన్నే బొమ్మలు తీసేవాడు. 1947లో న్యూయార్కులో తీసిన ఒక బొమ్మలో ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్ పాడుతూ ఉంటుంది, పక్కన ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిలెస్పీ ఆమెను కళ్లార్పకుండా చూస్తూ ఉంటాడు. పాడుతున్నది ఆమె అయినా నా చూపు ఎప్పుడూ అతని దగ్గరే ఆగుతుంది. రాసే చెయ్యే తీసిన బొమ్మ కాబట్టి అలా వచ్చిందని నా నమ్మకం. ఆ రాత్రి సంగతి రాయవలసినవాడు ఏ క్షణాన ఏం జరిగిందో గమనించక తప్పదు.

వినేవాడు ఊరికే ఉండడనడానికి మన దేశంలోనే ఒక గట్టి సాక్ష్యం ఉంది. శాక్సొఫోన్‌ను కర్ణాటక సంగీతానికి లొంగదీసిన కద్రి గోపాల్‌నాథ్ 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో వాయిస్తుంటే, అక్కడున్న అమెరికన్ శాక్సొఫోన్ వాద్యకారుడు జాన్ హ్యాండీ విని, తానూ వేదిక ఎక్కి కలిసి వాయించవచ్చా అని అడిగాడు. హ్యాండీ లేచి వెళ్లడానికి ముందరి క్షణాన అతని ముఖం ఎలా ఉందో చూపే ఫొటో దొరికితే, నా 42 పటాలనూ దానికి బదులిచ్చేస్తాను.

నా కచేరీలు చాలావరకు కలకత్తావే. రైల్వే పాసు ఉండేది, రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి హౌరా. చికాగో నుంచి వచ్చిన పియానో వాద్యకారుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ యుద్ధకాలంలో గ్రాండ్ హోటల్లో వాయించి, 1945లో కలరాతో చనిపోయింది ఆ ఊళ్లోనే. వేదికల మీద వెలుతురు తక్కువ, ఫ్లాష్ వేయడం మర్యాద కాదు. వెలుతురును పట్టే స్పీడు 400 ఉన్న నలుపు తెలుపు రీలును 1600 ఉన్నట్టు లెక్కగట్టి వాడి, డెవలపరులో ఎక్కువసేపు ఉంచేవాడిని. బొమ్మ నూకలు చల్లినట్టు గరుకుగా వచ్చేది. సెకనులో 60వ వంతు షట్టరుతో డ్రమ్ము కర్ర విసనకర్రలా సాగిపోయేది గానీ, వినేవాడు కదలడు కాబట్టి అతని ముఖం మాత్రం స్పష్టంగా పడేది. ఒక్కో ఫ్రేము నొక్కగానే ఒళ్లో ఉన్న నోటుపుస్తకంలో దాని నంబరు, పాట, ఎన్నో చుట్టో రాసుకునేవాడిని. పక్కన కూర్చున్నవారు నన్ను పత్రికా విలేఖరి అనుకుని, అడగకుండానే కాఫీ తెప్పించిన సందర్భాలు ఉన్నాయి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మీలో చాలామంది ఈ ఊళ్లోనే ఉన్నారు, దాన్ని నేను వర్ణించనక్కరలేదు. నెగటివులన్నీ మేడ మీద రేకుల గదిలో ట్రంకు పెట్టెలో పెట్టాను. అక్కడ పెట్టడం నా మొదటి తప్పు. రేకులు లేచిపోయాక, ఇంటి పనుల్లో పడి ఐదు రోజులు పెట్టె తెరవకపోవడం రెండో తప్పు. తెరిచేసరికి ఫిల్ము మీది పూత ఉబ్బి, ముక్కలన్నీ ఒకదానికొకటి అంటుకుని అట్టలు కట్టాయి. వంటింటి అటక మీద పాలిథీన్‌లో చుట్టి ఉన్న నోటుపుస్తకాలు మాత్రం పొడిగా ఉన్నాయి. 2005లో కత్రినా తుపాను వరదలో గొప్ప జాజ్ ఫొటోగ్రాఫరు హెర్మన్ లియోనార్డ్ ఇంట్లోని ప్రింట్లు వేలకొద్దీ పోయాయి, నెగటివులు అంతకుముందే ఒక మ్యూజియానికి చేర్చడంతో దక్కాయి. నాకు దక్కింది రాత. ముందే ప్రింట్లు వేసి బంధువులకు, స్నేహితులకు పంచిన బొమ్మలను ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చుకున్నాను, 39 దొరికాయి. మిగిలిన మూడు పటాలు ఎందుకు అలా ఉన్నాయో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది.

వాటిలో తలుపు పక్కనున్న కాగితం చదువుతాను. "రెండో పాట. బ్లూస్, బాగా నెమ్మది. డ్రమ్ముల కుర్రాడు కర్రలు ఒళ్లో పెట్టుకున్నాడు. బేస్ ముసలాయన ఒక్కడే మూడు చుట్లు. మూడో చుట్టు తొమ్మిదో బారులో ఒక స్వరం తప్పింది, తప్పినదాన్నే మళ్లీ రెండుసార్లు వాయించి పాటలో కలిపేసుకున్నాడు. పియానో ఆయన మీటల మీదినుంచి చేతులు తీసి, కళ్లు మూసుకుని నవ్వాడు. అప్పుడే నొక్కాను. 31వ ఫ్రేము."

ఆ పటం కింద చిన్న కవరులో 31వ ఫ్రేము ఉన్న నెగటివు ముక్క పెట్టాను. కిటికీ వెలుతురుకు ఎత్తి చూడండి. పియానో అంచు ఒక్కటే తెలుస్తుంది.