పైన ప్యానెల్, కింద చేప: చెరువు ఎవరిది?

(స్టూడియోలో యాంకర్ కాక ముగ్గురు: సోలార్ కన్సల్టెంట్, మత్స్యశాస్త్రం ప్రొఫెసర్, చెరువులు కౌలుకి చేసే రైతు. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినపడినంత వరకే రాశాను.)

యాంకర్: చేపల చెరువుల మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టే విషయంలో తైవాన్‌లో గొడవ ముదిరి పాకాన పడింది. ప్యానెళ్ళ కోసం కౌలుదార్లని చెరువుల్లోంచి పంపించేస్తున్నారని ఒకవైపు, కరెంటూ చేపా రెండూ వస్తుంటే బాధేంటని ఇంకోవైపు. నా ప్రశ్న సింపుల్. నీళ్ళ మీద కరెంటు పెడితే చేపలకి షాక్ కొట్టదా?

కన్సల్టెంట్: అది అపోహండి. కేబుల్ ఇన్సులేషన్ తగ్గితే ఇన్వర్టర్ పసిగట్టి ఆగిపోతుంది. అసలు పాయింట్ స్థలం. మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు కావాలి, పంటభూమి ఎందుకు పాడుచెయ్యాలి, చెరువు మీద గాలి ఖాళీగానే ఉందిగా, పైగా ప్యానెల్ ఒక డిగ్రీ వేడెక్కితే 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి పోతుంది, నీళ్ళ మీదైతే చల్లగా...

ప్రొఫెసర్: ఆ చల్లదనం నీళ్ళకి ఆనుకుని తేలే ప్యానెళ్ళకి సర్. చెరువులో స్తంభాలేసి ఎత్తుగా పెడితే అంత లాభం రాదు.

కన్సల్టెంట్: కొంతైనా వస్తుంది కదా మేడమ్! నన్ను పూర్తి చెయ్యనివ్వండి.

(పూర్తి చెయ్యడానికి చాలాసేపే తీసుకున్నారు. స్థలం సంగతే ఇంకో రెండుసార్లు.)

యాంకర్: ప్రొఫెసర్ గారూ, షాక్ సంగతి మీరు చెప్పండి.

ప్రొఫెసర్: షాక్ కాదమ్మా, ఆక్సిజన్ గురించి అడగండి. నీడ పడితే ఎండాకాలం నీళ్ళు మరీ వేడెక్కవు, నాచు అదుపులో ఉంటుంది, అది మంచిదే. కానీ పగలు నీళ్ళలో ఆక్సిజన్ తయారుచేసేది ఆ ప్లాంక్టనే, అంటే నీళ్ళలో తేలే కంటికి కనపడనంత సన్నటి నాచు. అది తగ్గితే రాత్రికి నిల్వ తగ్గుతుంది. తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్ కచ్చితంగా తిరగాల్సింది అప్పుడే, సోలార్ సున్నా ఉండేదీ అప్పుడే. ఇంక సిల్వర్ కార్ప్ లాంటి చేపకైతే ప్లాంక్టనే మేత, దానికి...

కన్సల్టెంట్: బ్యాటరీ ఉందండీ! గ్రిడ్ ఉంది! ఏ కాలంలో ఉన్నాం మనం?

రైతు: గ్రిడ్డు పోయిన రాత్రే కదండీ చేప చచ్చేది. జనరేటర్ డీజిల్ ఎవరు పోస్తారు, మీరా నేనా?

కన్సల్టెంట్: తైవాన్‌లో రూల్స్ పక్కాగా ఉన్నాయి బాబూ. చెరువు విస్తీర్ణంలో 40 శాతం మించి కప్పకూడదు, చేపల దిగుబడి ముందున్నదాంట్లో కనీసం 70 శాతం రావాలి. ఇంకేం కావాలి?

రైతు: మిగతా 30 ఎవరి జేబులోంచండీ? అద్దె ఓనరుకి, కరెంటు కంపెనీకి, తగ్గిన చేప మాత్రం నాకు. ఇంకోటి, స్తంభాల మధ్య వల లాగి చూపించండి. పట్టుబడి రోజు చిక్కుకున్న చోటల్లా మనిషి దిగి విప్పాలి, విప్పేలోపు చేప అటు జారిపోద్ది. పట్టుబడి అయ్యాక చెరువెండగట్టి మట్టి తీద్దామంటే మిషను ఎక్కడ తిరుగుద్ది?

కన్సల్టెంట్: స్తంభాలు దూరం వెయ్యొచ్చు, డిజైన్ లో...

యాంకర్: మనిషి నీళ్ళలో దిగాలంటున్నారు! అంటే షాక్ మనిషికీ...

కన్సల్టెంట్: మేడమ్, చెప్పాను కదా, ట్రిప్ అవుతుంది.

యాంకర్: మరి జపాన్‌లో నీళ్ళ మీద ప్యానెళ్ళు తగలబడ్డాయిగా?

ప్రొఫెసర్: అది 2019లో, చిబా దగ్గర యమకురా డ్యామ్. తుఫానుకి 13.7 మెగావాట్ల తేలే ప్లాంట్ ముక్కలై అంటుకుంది. అది రిజర్వాయర్, చేపల చెరువు కాదు.

యాంకర్: నీళ్ళ మీద మంటలు! ఆ విజువల్ ఉందా? ప్లే చెయ్యండి.

(ఆ విజువల్ తిరుగుతూనే ఉంది, కింద ముగ్గురూ మాట్లాడుతూనే ఉన్నారు. పక్షుల రెట్ట వల్ల ప్యానెల్ ఎంత నష్టపోతుందన్న మాట ఇక్కడే వచ్చి పోయింది.)

ప్రొఫెసర్: చైనాలో కూడా 2022లో నదులు, సరస్సులు, రిజర్వాయర్లలో సోలార్ పెట్టొద్దని జలవనరుల శాఖ...

కన్సల్టెంట్: చెరువుల్లో పెట్టొద్దనలేదుగా! అదే చైనాలో చేపల చెరువుల మీద వందల మెగావాట్ల ప్లాంట్లు నడుస్తున్నాయి, ఒక్కో చెరువులో కాదు, వరసగా, కంటికి ఆనినంత మేర, వాళ్ళంతా పిచ్చోళ్ళా? స్థలం లేదండీ ప్రపంచంలో, నేను మొదట్నించీ అదే చెప్తున్నా...

ప్రొఫెసర్: అక్కడ కూడా ఏ చేప వెయ్యాలన్నది...

కన్సల్టెంట్: స్థలం మేడమ్, స్థలం!

రైతు: ఒక్క మాటండీ. ఓనరు కంపెనీకి రాసిచ్చేది ఇరవై పాతికేళ్ళకి. నా కౌలు ఏడాదేడాదికి నోటిమాట మీద నడుస్తుంది. ఆ కాగితంలో నా పేరు ఎక్కడుంటది? మీరు జవాబు చెప్పండి సార్.

కన్సల్టెంట్: అది లీగల్ ఇష్యూ, టెక్నాలజీని తప్పుపట్టకండి.

రైతు: టెక్నాలజీని ఎవరన్నారండీ, నేనడిగింది...

యాంకర్: టైమ్ అయిపోయింది. మొత్తానికి కన్సల్టెంట్ గారు చెప్పినట్టు స్థలం సమస్యకి ఇది మంచి మార్గమే అనిపిస్తోంది, కానీ షాక్ విషయంలో నా అనుమానం నాకుంది.

ప్రొఫెసర్: తెల్లవారుజాము డీవో గురించి ఒక్క...

కన్సల్టెంట్: ఇన్సులేషన్ మేడమ్, రాసుకోండి...

(బ్రేక్. మైకులు కట్.)