గోధుమ రంగుతో రాజీ

శ్రోతలకు నమస్కారం.

చిన్నపిల్లల రంగు పెన్సిళ్ల డబ్బా ఎప్పుడైనా తెరిచి చూశారా? కొన్న కొన్నాళ్లకే ఎర్ర పెన్సిల్ బొటనవేలంత అవుతుంది. నీలం, ఆకుపచ్చ సగానికి అరుగుతాయి. గోధుమ రంగు పెన్సిల్ మాత్రం చెట్టు మొదలు వెయ్యాల్సి వస్తే తప్ప బయటికి రాదు. నా డబ్బాలో దానికి ఆ పని కూడా ఉండేది కాదు. చెట్ల మొదళ్లు కూడా నేను నల్లగానే వేసేదాన్ని.

కారణం నా తొందరే. నీళ్ల రంగులతో బొమ్మ వేసేటప్పుడు ఒకటి ఆరకముందే పక్కన ఇంకోటి పూసేదాన్ని. ఎరుపు, పసుపు, నీలం ఒకదాంట్లోకి ఒకటి పాకి చివరికి కాగితం మీద బురద మిగిలేది. కుంచె కడిగిన గ్లాసులో నీళ్లదీ అదే రంగు. కాబట్టి గోధుమ రంగు కనిపించిందంటే బొమ్మ పాడైపోయిందని లెక్క. పెద్దయ్యాక కూడా సంచీ కొన్నా, చెప్పులు కొన్నా, కర్టెన్లు కొన్నా "ఆ రంగు తప్ప ఏదైనా చూపించండి" అనేదాన్ని. ముక్కుపొడి రంగు అనండి, ఇటుక రంగు అనండి, చాక్లెట్ రంగు అని ముద్దుగా పిలవండి, నా దగ్గర జవాబు ఒక్కటే.

అలాంటి నా ఇంటికి ఒక పాత చెక్క బల్ల వచ్చింది. ఎవరో వద్దనుకుని ఇచ్చేసినది. ఒళ్లంతా ఆకుపచ్చ పెయింటు, అక్కడక్కడా పెచ్చులు ఊడుతోంది. దాన్ని గీకేసి శుభ్రంగా తెల్ల పెయింటు వేద్దామని నా ఆలోచన. డబ్బా కూడా కొనిపెట్టుకున్నాను. ఉప్పు కాగితం పట్టుకుని కూర్చుంటే పైపలక బయటపడటానికి రెండు పూటలు పట్టింది. దుమ్ము దులిపితే చెక్క పాలిపోయి, ఏ రంగూ లేనట్టుంది. మంచిదే, తెల్లరంగు బాగా పడుతుందనుకుని తడిగుడ్డ పెట్టి తుడిచాను.

గుడ్డ నడిచిన దారంతా రంగు లేచింది. అంచు దగ్గర తేనె రంగు, మధ్యలో ఇటుక ఎరుపు, ఒక ముడి చుట్టూ దాదాపు నలుపు. చెరువులో రాయి వేస్తే లేచే వలయాల్లాగా ఆ ముడి చుట్టూ సన్నటి గీతలు తిరిగి ఉన్నాయి. నాలుగైదు నిమిషాల్లో తడి ఆరిపోయింది, బల్ల మళ్లీ పాలిపోయింది. మళ్లీ తుడిచాను. మళ్లీ లేచింది. ఎన్నిసార్లు తుడిచానో లెక్కపెట్టలేదు గానీ, ఆ పూట తెల్ల పెయింటు డబ్బా మూత మాత్రం తియ్యలేదు.

ఇందులో మాయేమీ లేదు. గీకిన చెక్క పైభాగం కంటికి కనిపించనంత గరుకుగా ఉంటుంది. వెలుగు ఆ గరుకు మీదే చెల్లాచెదురై తెల్లటి మసకతో మన కంటికి చేరుతుంది. నీళ్లు ఆ సందుల్ని నింపితే వెలుగు లోపలికి దిగుతుంది, కొంత చెక్క మింగేస్తుంది, మిగిలింది మనకు వస్తుంది. అందుకే తడి చెక్క ముదురుగా కనిపిస్తుంది. తర్వాత ఒక వడ్రంగి అవిసె నూనె రాయమన్నాడు. నూనె నీళ్లలా ఆవిరైపోదు, గాలి తగిలి గట్టిపడుతుంది. తడి రంగు అలాగే నిలిచిపోతుంది.

బల్ల సంగతి అలా ఉంచితే, ఇన్నేళ్లు ఈ రంగంటే నాకు ఎందుకు పడలేదన్న ప్రశ్న మిగిలింది. 2010లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టీఫెన్ పామర్, కారెన్ ష్లాస్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి ప్రశ్నకే జవాబు వెతికారు. 32 రంగులు తీసుకుని, ఏ రంగు ఎంత ఇష్టమో కొందరిని అడిగారు. ఆ రంగు చూస్తే ఏ వస్తువులు గుర్తొస్తాయో ఇంకొందరిని అడిగారు. ఆ వస్తువులు మీకు నచ్చుతాయా అని మరికొందరిని అడిగారు. చూస్తే, రంగు మీది ఇష్టమూ వస్తువుల మీది ఇష్టమూ చాలావరకు జంటగానే నడిచాయి. నీలం చూస్తే శుభ్రమైన ఆకాశం, తేటనీళ్లు గుర్తొస్తాయి, అందుకే దానికి అంతమంది అభిమానులు. గోధుమ రంగు వంతుకి కుళ్లిన తిండీ, రేడియోలో చెప్పడానికి మొహమాటంగా ఉండే ఇంకొకటీ వచ్చాయి. పాపం, ఇక దాన్ని ఎవరు ఇష్టపడతారు?

ఈ అయిష్టాన్ని ఒక ప్రభుత్వం పనిలో కూడా పెట్టింది. ఆస్ట్రేలియాలో 2012 డిసెంబర్ నుంచి సిగరెట్ పెట్టెలన్నీ ఒకే రంగులో ఉండాలి. పొగతాగేవాళ్లకు రకరకాల రంగులు చూపించి, ఎక్కువ వెగటు పుట్టించిన దాన్ని ఎంచుకున్నారు. రంగులకు నంబర్లు ఇచ్చే పాంటోన్ కంపెనీ పట్టికలో 448 సి అనే, కాస్త ఆకుపచ్చ ఛాయ కలిసిన ముదురు గోధుమ రంగు అది. మొదట దాన్ని ఆలివ్ గ్రీన్ అన్నారు. ఆలివ్ పండించేవాళ్లు మా పంట పేరు చెడగొట్టొద్దని అడ్డుపడితే ఆ పేరు మానేశారు. నాకైతే రైతులకన్నా ఆ రంగు మీదే ఎక్కువ జాలేసింది. తరఫున మాట్లాడటానికి దానికి సంఘం లేదు కదా.

నా విషయానికొస్తే, గోధుమ రంగు అనగానే గుర్తొచ్చే వస్తువు ఇన్నేళ్లూ ఒక్కటే, కుంచె కడిగిన గ్లాసు. ఇప్పుడు దాని పక్కన బల్ల చేరింది.

ఇంకో తమాషా ఏమిటంటే, ఇంద్రధనుస్సులో గోధుమ రంగు లేదు. గోధుమ రంగు దీపం కూడా మీరు చూసి ఉండరు. అది నిజానికి వెలుగు తగ్గిన నారింజ. ఫోన్ తెర మీద ఒక్కో రంగు వెలుగుని సున్నా నుంచి 255 వరకు అంకెల్లో చెబుతారు. ఎరుపు 255, ఆకుపచ్చ 128, నీలం సున్నా పెడితే నారింజ వస్తుంది. ఎరుపుని 128కి, ఆకుపచ్చని 64కి తగ్గిస్తే గోధుమ రంగు. అయితే పక్కన దానికన్నా కాంతిగా ఇంకేదైనా ఉంటేనే అది గోధుమగా కనిపిస్తుంది. రాత్రి దీపాలన్నీ ఆర్పేసి, ఫోన్ తెర నిండా గోధుమ రంగు పెట్టి, వెలుగు పూర్తిగా పెంచి చూడండి. కాసేపటికి నారింజలోకి జారుతుంది. చుట్టూ తెల్ల అంచు పెట్టారనుకోండి, వెంటనే గోధుమలోకి వచ్చేస్తుంది. పక్కవాళ్లు లేకపోతే తాను తానుగా ఉండలేని రంగన్నమాట.

పక్క రంగుల పెత్తనం మీద పారిస్‌లో పెద్ద పంచాయితీయే నడిచింది. అక్కడి గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకం విభాగానికి 1824లో మిషెల్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా వచ్చారు. మీ నల్ల దారం నల్లగా లేదు, వెలిసినట్టుందని ఆయనకు ఫిర్యాదులు వచ్చాయి. ఆయన ఆ దారాన్ని వేరేచోట్ల అద్దిన నల్ల దారాలతో పోల్చి చూశారు. అద్దకంలో తేడా లేదు. దాని పక్కన నేసిన నీలం, ఊదా దారాలే నలుపుని అలా కనిపించేట్టు చేస్తున్నాయని తేల్చారు. 1839లో ఈ సంగతులన్నిటి మీదా పెద్ద పుస్తకమే వేశారు.

ఇది చదివాక నా బల్ల కాళ్ల దగ్గర జరిగింది అర్థమైంది. పైపలక అయ్యాక కాళ్లు గీకాను. మూడు కాళ్లు పూర్తయ్యాయి. నాలుగో కాలికి లోపలివైపు అరచేయంత పచ్చ పెయింటు మిగిలింది. గీకబోతూ చూస్తే, దాని అంచున ఉన్న చెక్క మిగతా కాళ్లకంటే ఎర్రగా ఉంది. పచ్చ ముక్కని కాగితంతో మూశాను. ఎరుపు తగ్గింది. కాగితం తీశాను. మళ్లీ వచ్చింది. ఉప్పు కాగితం పక్కన పెట్టేశాను.

ఇంటికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు వంగి చూసి, "అక్కడ కాస్త మర్చిపోయినట్టున్నారు" అంటుంటారు. అవునండీ, తీరిక దొరకలేదు అంటాను.

సెలవు.