ప్రీయాంప్ ఎవరికి కావాలి?

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. పేరుపేరునా తలచుకుంటే నాకిచ్చిన టైము అక్కడే అయిపోతుంది, కాబట్టి క్షమించాలి. బెజవాడ ఎండలో ఇంత దూరం వచ్చినవాళ్ళని మర్యాదలతో కూర్చోబెట్టడం న్యాయం కాదు.

ఇంటి ఆడియోకి విడిగా ప్రీయాంప్, అంటే స్పీకర్‌ని నడిపే పవర్ ఆంప్‌కి ముందు సిగ్నల్ పెంచే పెట్టె, కావాలా అన్నది ఇవాళ్టి అంశం. జవాబు ముందే చెప్పేస్తాను. ఎల్పీ రికార్డులు వినేవాళ్ళు కాకపోతే చాలామందికి అక్కర్లేదు. కావలసినవి రెండే: వాల్యూమ్ తిప్పడానికి ఒక నాబ్, ఒక ప్లేయర్ నుంచి ఇంకోదానికి మారడానికి ఒక సెలెక్టర్ స్విచ్. ఈ రెండిటినీ ఒక పెట్టెలో పెట్టి, లోపల అవసరం లేని గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే బలం, కలిపి అమ్ముతున్నారు.

అసలు ప్రీయాంప్ పుట్టింది మిల్లీవోల్టుల కోసం. మన విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది. అక్కడి స్టూడియోలో గాయకుడు మైకు ముందు కూర్చుంటే మైకు ఇచ్చేది మిల్లీవోల్టులే. టేపు హెడ్డూ అంతే. రికార్డు ప్లేయర్‌లో సూదిని పట్టుకునే ఎమ్మెమ్ (మూవింగ్ మాగ్నెట్) కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. పెంచకపోతే వినపడదు. 1982లో సీడీ ప్లేయర్ బజారులోకి వచ్చాక కథ మారింది. దాని అవుట్‌పుట్ సుమారు 2 వోల్టులు. డిజిటల్ పాటని సిగ్నల్‌గా మార్చే ఇవాళ్టి డాక్‌లూ అదే దారి.

ఇప్పుడొక చిన్న లెక్క, కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. మామూలు పవర్ ఆంప్ గెయిన్ 26 డీబీ (డెసిబెల్స్), అంటే 20 రెట్లు. 2 వోల్టులు లోపలికి పోతే 40 వోల్టులు బయటికి రావాలి. 8 ఓమ్స్ స్పీకర్ మీద అది 200 వాట్లు! హాల్లో కూర్చుని హాయిగా వినడానికి 1 వాట్ ఎక్కువే. 8 ఓమ్స్‌లో 1 వాట్ అంటే 2.83 వోల్టులు. దానికి ఆంప్ ఇన్‌పుట్‌లో 0.14 వోల్ట్ చాలు. అంటే సీడీ ప్లేయర్ ఇచ్చినదాన్ని 14వ వంతుకి తగ్గించాలి. పెంచాల్సిన పని ఎక్కడుందండీ? మధ్యలో 10 రెట్లు పెంచే ప్రీయాంప్ పెట్టారనుకోండి, అప్పుడు 140వ వంతుకి తగ్గించాలి.

ఇక్కడే నా అసలు గోడు. వాల్యూమ్ నాబ్ గడియారం ముల్లులా తొమ్మిది అంకె దగ్గరికి రాగానే ఇల్లు దద్దరిల్లితే "అబ్బ, ఏం పవర్!" అంటారు. చెయ్యెత్తండి, ఇక్కడ ఎంతమంది అనుంటారు? చూశారా. అది పవర్ కాదు, గెయిన్ ఎక్కువైన జబ్బు. వాల్యూమ్ నాబ్ వెనక ఉండే డ్యూయల్ పాట్‌లో (జంట పొటెన్షియోమీటర్) ఎడమ ట్రాకు, కుడి ట్రాకు తిప్పే మొదట్లో సరిగ్గా కలవవు. అందుకే రాత్రిపూట సౌండ్ తగ్గించి వింటే పాట ఒక పక్కకి ఒరిగిపోతుంది. పైగా పాట్ తర్వాత ఉన్న సర్క్యూట్ చేసే బుస్సుమనే శబ్దం నాబ్ తగ్గించినా తగ్గదు, దాన్ని పవర్ ఆంప్ 20 రెట్లు చేసి స్పీకర్లోకి తోస్తుంది. స్పీకర్ మార్చినా పోదు, వైరు మార్చినా పోదు.

మందు చవక. ఆంప్ ఇన్‌పుట్ దగ్గర సిరీస్‌లో 9.1కె (కె అంటే వెయ్యి ఓమ్స్) రెసిస్టర్, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 1కె. పావు వాట్ మెటల్ ఫిల్మ్, 1 శాతం రకం. సిగ్నల్ పదో వంతవుతుంది, నాబ్ మధ్యకి వస్తుంది. రెండు ఛానళ్ళకీ పెట్టాలి సుమా.

అసెంబుల్ సెట్ల సంగతీ ఇదే. టీడీఏ 2030 అనే ఆంప్ ఐసీ బోర్డు గెయిన్ మామూలుగా 33 రెట్లు. పావు వోల్ట్ ఇస్తే చాలు, ఉన్న పవరంతా వచ్చేస్తుంది. సెల్‌ఫోనే అది ఇవ్వగలదు. అయినా ముందు 4558 ఐసీతో బాస్-ట్రెబుల్ బోర్డు తగిలిస్తారు. బాస్, ట్రెబుల్ నిజంగా తిప్పుకునేవాళ్ళకైతే సరే. తర్వాత ఎవరో చెప్పారని 4558 పీకి 5532 గుచ్చుతారు. కాళ్ళు సరిపోతాయి గానీ అది మామూలుగానే సుమారు 8 మిల్లీయాంప్‌లు లాగుతుంది. 35 వోల్టుల నుంచి 2.2కె రెసిస్టర్, వోల్టేజిని నిలిపే జీనర్ డయోడ్‌తో 12 వోల్టులు తీసే బోర్డులో దొరికేది పది మిల్లీయాంప్‌లే. అలాంటివి రెండు ఐసీలుంటే వోల్టేజి పడిపోయి పాట చిరుగుతుంది. ఐసీ పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ లేకపోతే ఆసిలేషన్ కూడా, అంటే ఐసీ దానంతటదే ఊగుతుంది.

ఎక్కడున్నాం? ఆ, మరి ఎవరికి కావాలి? ఎల్పీలు వినేవాళ్ళకి ఫోనో ప్రీయాంప్ తప్పదు. అది పెంచడమే కాదు, రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బాస్‌ని తిరిగి నిలబెడుతుంది. ఎమ్మెమ్‌కి 40 డీబీ, 47కె లోడు (ఇన్‌పుట్ రెసిస్టెన్స్). ఎమ్సీ (మూవింగ్ కాయిల్) అయితే 60 డీబీ దాకా. రికార్డు ప్లేయర్‌ని నేరుగా ఆంప్ ఆక్స్ ఇన్‌పుట్‌లో గుచ్చితే సన్నగా, పీలగా వస్తుంది. తాతల నాటి సూట్‌కేస్ ప్లేయర్లకి మాత్రం ఇది పెట్టకండి. వాటిలో తరచూ సెరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, సిగ్నల్ పెద్దది, దానికి ఒక మెగఓమ్ లోడు కావాలి. ఆంప్ గదికి ఆ చివరుండి కేబుల్ ఐదారు మీటర్లు లాగాల్సిన వాళ్ళకీ ప్రీయాంప్ పనికొస్తుంది.

మిగతావాళ్ళు 10కె డ్యూయల్ లాగ్ పాట్‌తో, అంటే మొదట నెమ్మదిగా పెరిగే రకంతో, చేసుకోండి. ఇన్‌పుట్ ఒక చివరి కాలుకి, గ్రౌండ్ రెండో చివరికి, మధ్య కాలు ఆంప్‌కి. చివర్లు తారుమారైతే నాబ్ వెనక్కి తిప్పితే సౌండ్ పెరుగుతుంది, అంతే, భయం లేదు. 100కె మాత్రం వాడకండి. దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) 25కె దాకా పోతుంది, ఐదు మీటర్ల కేబుల్ కెపాసిటెన్స్‌తో కలిసి పాటలో చేతితాళాల గణగణ మింగేస్తుంది.

డాక్‌ని నేరుగా పవర్ ఆంప్‌కి కలిపేవాళ్ళకి ఒక్క మాట. కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని డాక్‌లు ఫుల్ వాల్యూమ్‌తో లేస్తాయి, ట్వీటర్ అక్కడికక్కడే పోతుంది. మధ్యలో ఆ 9.1కె, 1కె జంట ఉంచండి. ఆన్ చేసేటప్పుడు ఆంప్ ఆఖర్న, ఆపేటప్పుడు ఆంప్ ముందు.

10కె పాట్‌లు తెచ్చుకున్నవాళ్ళు ఈ బల్ల దగ్గరికి రండి, మల్టీమీటర్ ఉంది. సగం తిప్పి గ్రౌండ్ కాలుకీ మధ్య కాలుకీ కొలుద్దాం. వెయ్యి, పదిహేనువందల ఓమ్స్ చూపిస్తే లాగ్. 5కె చూపిస్తే లీనియర్ (సమంగా పెరిగే రకం), కొట్లో తిరిగిచ్చేయండి.