అరుగుదలను చదవడం: పాత పనిముట్ల సేకరణ

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ బల్ల మీద నేను పరిచిన పనిముట్లలో ఒక్కటి కూడా తళతళలాడదు. మెరిసేవి ఇంటి దగ్గర కొన్ని ఉన్నాయి కానీ, అవి నేను పాడుచేసినవి కనుక తీసుకురాలేదు. సేకరణ మొదలుపెట్టిన రోజుల్లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఇనుము కుప్పలోంచి ఒక వెడల్పాటి ఉలిని కొన్నాను. తుప్పు, గుంటలు పూర్తిగా పోవాలన్న పట్టుదలతో దాన్ని గ్రైండర్ చక్రానికి ఆనించి అరగదీశాను. మెడ దగ్గరి ముద్రలో ‘కాస్ట్ స్టీల్’ అన్న అక్షరాలు సగం చెరిగిపోయాయి. అంచు వేడెక్కి నీలం తిరిగింది. అలా నీలం తిరిగిన ఉలి పదును నిలబెట్టుకోదు. కొన్న ధర సంగతి ఎలా ఉన్నా, నూరేళ్ల పనితనాన్ని పావుగంటలో పోగొట్టానన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఆ ముద్రను చూసి చాలామంది అది పోత ఇనుమనుకుని పక్కన పడేస్తారు, అది పొరపాటు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో ఉక్కును మూసల్లో, అంటే వేడికి తట్టుకునే మట్టి పాత్రల్లో, కరిగించి పోసే పద్ధతిని రూపొందించాడు. అలా చేసిన ఉక్కు అంతటా ఒకే గుణంతో ఉండేది కనుక, ఆ తర్వాత నూరేళ్లకు పైగా మంచి ఉలి మీద, రంపం మీద ఆ రెండు మాటలు గర్వంగా కొట్టేవారు. మూసలో ఉక్కు చేయడం మాత్రం మనకు అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచే తెలుసు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు ముద్దలను కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారని, సర్వే ఆఫ్ ఇండియా పనిమీద ఈ ప్రాంతంలో తిరిగిన భూగర్భ శాస్త్రజ్ఞుడు వోయ్సీ రాశాడు. ‘వుట్జ్’ పేరుతో లండన్ చేరిన ఈ రకం ఉక్కు మీద 1795లో జార్జ్ పియర్సన్ రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. 1820 ప్రాంతంలో మైకేల్ ఫారడే, జేమ్స్ స్టోడార్ట్ కలిసి ప్రయోగాలు చేశారు. ఆ పేరుకు మూలం మన ‘ఉక్కు’ అన్న మాటేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

ఉక్కు ఖరీదైనది కాబట్టి పాత ఉలిని మొత్తం ఉక్కుతో చేసేవారు కాదు. మెత్తటి ఇనుముకు పలచని ఉక్కు పలకను కొలిమిలో కాచి అతికేవారు. సానరాయి మీద నాలుగుసార్లు రుద్ది, అంచు వాలును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి: వెనుక బూడిద రంగు ఇనుము, ముందు తెల్లగా మెరిసే ఉక్కు, రెంటి మధ్య వెంట్రుకంత గీత కనిపిస్తాయి. ఊళ్లో గొడ్డలి అరిగిపోయినప్పుడు కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి ఉక్కు వేయించుకునేవారు కదా, అదీ ఇదీ ఒకే విద్య. ఉక్కు భాగం ఎంత మిగిలిందో చూస్తే ఆ ఉలి ఎన్నేళ్లు పనిచేసిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

చెక్కను నునుపు చేసే చిత్రికను, అంటే తెలంగాణలో రందా అనే దాన్ని, ఇంకో రకంగా చూడాలి. అమెరికాలో స్టాన్లీ కంపెనీ 1869లో చిత్రికల రూపకర్త లియొనార్డ్ బెయిలీ పేటెంటు హక్కులను కొన్నాక చేసిన ఇనుప చిత్రికలకు సేకర్తలలో గిరాకీ ఎక్కువ. అడుగు పలక పైన పోతలో ఉండే పేటెంటు తేదీలను బట్టి వాటి వయసు కడతారు. చివరి తేదీ 1910 ఏప్రిల్ 19 అయితే అది అంతకు ముందుది కాదని చెప్పవచ్చు. మన వడ్రంగులు తుమ్మకర్రతో స్వయంగా చేసుకున్న చిత్రికల మీద ఏ తేదీ ఉండదు. నా దగ్గరున్నదానికి ఎడమ పక్కన బొటనవేలు ఆనిన చోట అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు, లోతున నున్నటి పల్లం పడింది. కుడిచేత్తో తోస్తూ, ఎడమచేత్తో అదిమిపట్టి, నేల మీద కూర్చుని, పలకను పాదాల మధ్య బిగించి పనిచేసిన మనిషి భంగిమ అంతా ఆ పల్లంలో ఉంది. ఉప్పుకాగితంతో రుద్దితే ఆ మనిషి పోతాడు.

యంత్రాల గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే లోహాన్ని తిప్పుతూ కోసే లేతు మిషనును ఇంట్లో పెట్టుకునే వీలు అందరికీ ఉండదు. సికింద్రాబాద్‌లో 1943లో మొదలైన ప్రాగా టూల్స్ పేరున్న మిషన్లు, బెంగళూరు హెచ్‌ఎంటీ లేతులు పాత సామాను దుకాణాలకు చేరుతుంటాయి. పాత లేతును కొనేటప్పుడు పెయింటును చూసి మోసపోకండి. ఎక్కువ పని చక్, అంటే లోహపు ముక్కను పట్టి తిప్పే భాగం, దగ్గరే జరుగుతుంది కాబట్టి బెడ్డు, అంటే కింది ఇనుప పట్టాల దిమ్మ, అక్కడే ఎక్కువ అరుగుతుంది. చక్ దగ్గర సరిగ్గా కదిలేలా క్యారేజీని, అంటే కోసే పనిముట్టును మోస్తూ బెడ్డు మీద జరిగే భాగాన్ని, బిగించి, దాన్ని అవతలి చివరికి తిప్పుకుంటూ వెళ్లండి. దారిలో పట్టేస్తే అరుగుదల ఎంతో తెలిసిపోతుంది. ఇంకో మాట: బ్రిటిష్ కాలపు యంత్రాల బోల్టులకు 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన 55 డిగ్రీల కోణంలో కోసిన మర (చుట్టు గాడి) ఉంటుంది. దానిలో 60 డిగ్రీల మెట్రిక్ బోల్టును బలవంతంగా తిప్పితే మర చెడుతుంది, దాంతో అసలు భాగమే పనికిరాకుండా పోతుంది.

శుభ్రం చేయవద్దని నేను అనడం లేదు. కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టి, సన్నటి స్టీల్ ఊలుతో ముద్ర ఉన్న చోటు వదిలి మిగతాది తుడిచి, పలచగా మిషన్ ఆయిల్ రాస్తే చాలు. పిడికి అవిసె నూనె పట్టిస్తే సరిపోతుంది. కాకపోతే ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి, దానంతటదే నిప్పంటుకోవచ్చు. విప్పి తీగ మీద ఆరేయండి.

ఇదిగో, ఈ బాడిసను చూడండి. ఒకవైపు చెక్కడానికి అంచు, వెనకవైపు మేకు కొట్టడానికి సుత్తి. అంచు వైపు వాడి వాడి సగానికి సగం పొట్టిదైంది. పిడి మీద కత్తితో కోసిన మూడు గాట్లు ఉన్నాయి. అవి ఏమిటో చాలాకాలం అర్థం కాలేదు. ఒకరోజు కొలిస్తే చివరి నుంచి మూడు, నాలుగు, అయిదు అంగుళాల దగ్గర వచ్చాయి; ద్వారబంధాల చెక్క మందం, వెడల్పుల కొలతలు. ఆ వడ్రంగి టేపు కోసం లేవకుండా చేతిలో ఉన్న బాడిసతోనే కొలుచుకున్నాడన్నమాట. ఆ పిడి నిలువునా చీలింది. కొత్తది వేయించమని ఇంట్లో వాళ్లు అంటూనే ఉన్నారు. నేను రాగితీగ చుట్టి అలాగే ఉంచాను.